నాలుగంగుళాల తగువు

తుపాకీ మీద వ్యాసం రాస్తున్నానంటే మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. జన్మ మొత్తానికి నేను తుపాకీ పేల్చింది రెండే రెండు సార్లు. మొదటిసారి గుండు ఎటు పోయిందో తెలియలేదు. రెండోసారి తెలిసింది గాని, అది మా మేనమామ గారి నీళ్ళ గోలెం కావడం వల్ల ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

అయినా ఈ విషయంలో నాకొక అర్హత ఉంది. ఒక షికారు రైఫిలు గొట్టం ఎన్ని అంగుళాలు ఉండాలన్న మీద మా మామయ్య ఇంట్లో ఆరు నెలల పాటు తర్జనభర్జన జరిగింది. పెళ్ళి సంబంధాలకైనా అంత చర్చ జరిగి ఉండదు. ఆ చర్చలన్నిటికీ నేనే రాయసకాణ్ణి. దుకాణం వాళ్ళకు వెళ్ళిన ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నా దస్తూరీయే.

1958 మాట ఇది. నాకప్పుడు పదిహేనేళ్ళు. జనగామలో చదువుకుంటూ, సెలవులు రాగానే రైలెక్కి మహబూబాబాద్‌లో దిగేవాణ్ణి. అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద గూడూరు దారిన మామయ్య ఊరు. మామయ్య మాలీపటేలు. ఆయనకో దోనాలి బందూకు అప్పటికే ఉంది. కాని రెండు గొట్టాల తుపాకీలో రవ్వలు పోసి కుందేళ్ళనూ కంజులనూ కొట్టడం వేరు, రైఫిలు వేరు. రైఫిలు ఉన్నవాడి మాటతీరే వేరుగా ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ రైఫిలు ఆయనకు దొరికిన తీరు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పెద్ద ఇళ్ళల్లో సామాన్లు ఒక్కొక్కటే అంగట్లోకి వచ్చాయి. అద్దాల బీరువాలు, గ్రామఫోన్లు, జింక తలకాయలు, వాటితో పాటు ఆ జింకల్ని కొట్టిన తుపాకులూను. అట్లా ఒక జాగీర్దారు బంధువుల ఇంట్లోంచి మామయ్యకు మౌజరు రైఫిలొకటి, లైసెన్సు కాగితాల తంటా అంతా పడ్డాక, చవగ్గా చేతికొచ్చింది. చవక ఎందుకంటే దాని గొట్టం లోపలంతా తుప్పు. 1948లో, ఇటు దళాలు ఎత్తుకుపోతాయనీ అటు పోలీసులు పట్టుకుపోతారనీ రెండు భయాలతో దాన్ని వడ్ల గుమ్మిలో దాచిపెట్టారట. వడ్లు ఊపిరి పీలుస్తాయని రైతుకు తెలుసు గాని జాగీర్దారుకు తెలియదు. ఆ చెమ్మకు గొట్టం లోపలి మరచుట్టు చాళ్ళన్నీ తినేసి పోయాయి. కుందా బాగుంది, యంత్రం బాగుంది, గొట్టం ఒక్కటే పాడు.

ఆ భయాలు ఊరికే పుట్టినవి కావు. మా జనగామ తాలూకా కడవెండిలో 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండు తగిలే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ రోజునే నాందిగా చెప్పుకుంటాం. గడిలో గోడకు వేలాడే తుపాకీ పులి కోసమే ఉందని అంతకు ముందు కూడా ఎవరూ నమ్మలేదనుకోండి. ఆ తర్వాత జనం మొదట వడిసెలలతోనూ కర్రలతోనూ, తర్వాత బర్మార్లతోనూ, గడీల మీద పడి పట్టుకున్న తుపాకులతోనూ 1951 దాకా ఆ పోరు నడిపారు. అందుచేత మా ప్రాంతంలో ఒక మనిషి భుజాన తుపాకీ ఉందంటే, అది షికారుకా, మరి దేనికన్నానా అని ఒక క్షణం ఆలోచించడం అలవాటైపోయింది. మామయ్య రైఫిలు కొన్నానంటే మా అమ్మ నెల రోజులు ఆయనతో మాట్లాడకపోవడానికి అదే కారణం.

సరే, పట్నంలో తుపాకులు బాగుచేసే దుకాణానికి మామయ్య కబురంపాడు. కొత్త గొట్టం బిగించి ఇస్తామని వాళ్ళు జవాబు రాశారు. ఖరీదు చెప్పారు, గడువు చెప్పారు. చివర్న ఒక్క వాక్యం: గొట్టం 22 అంగుళాలు కావాలా, 24 కావాలా, 26 కావాలా, దయచేసి తెలుపగలరు.

అంతే. ఇల్లు రెండు పక్షాలైంది.

ఇక్కడ కొంచెం సేపు మామయ్యను అరుగు మీదే కూచోబెట్టి, తుపాకీ గొట్టం అసలు పొడుగ్గా ఎందుకుంటుందో చెప్పుకోవాలి. మా తాతల కాలంలో మా వైపు అడవుల్లో ఉన్నవన్నీ మూతిలోంచి మందు దట్టించేవే. ఒత్తి అంటించి పేల్చేది తోడేదారు. గుర్రం కొట్టి పేల్చేది బర్మారు. రెంటిలోనూ నల్లమందే. సురేకారం ముప్పాతిక భాగం, మిగతా పాతికలో బొగ్గు, గంధకం. ఊళ్ళో కమ్మరి గొట్టం అతికి ఇస్తే మందు ఇంట్లోనే నూరుకునేవారు. ఈ నల్లమందుకు ఒక గుణం ఉంది: కాలినకొద్దీ గుండును తోస్తుంది గాని, ఉన్నట్టుండి విపరీతమైన ఒత్తిడికి పోదు. కనక గుండుకు వేగం రావాలంటే మందు ఎక్కువ పోయాలి, అది కాలి తోసేందుకు గొట్టంలో తావు ఎక్కువ ఉండాలి. అందుకే ఆ పాత తుపాకులు నిలబెడితే మనిషి గడ్డాన్ని తాకేవి. కోయ ముసలాయన ఒకాయన బర్మారు భుజాన వేసుకుని పోతుంటే దూరం నుంచి దూలం నడిచి వస్తున్నట్టుండేది.

1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే ఆయన పొగ రాని మందు కనిపెట్టాడు. ఐదేళ్ళు తిరక్కుండా ఇంగ్లీషు వాళ్ళు కార్డైటు చేసుకున్నారు. అదే బరువు నల్లమందుతో పోలిస్తే ఈ కొత్త మందు బలం ఎన్నో రెట్లు. గుండు సన్నబడింది, వేగం పెరిగింది, గొట్టం అంత పొడుగు అక్కర్లేకుండా పోయింది. అక్కర్లేకుండా పోయినంత మాత్రాన మనుషులు వదులుకుంటారా? సైన్యాలు మరో ఇరవై ఏళ్ళు పొడుగు తుపాకుల్నే మోశాయి. ఇంగ్లీషు సిపాయి లీ ఎన్‌ఫీల్డు గొట్టం 30.2 అంగుళాలు. గుర్రపు రౌతుకు వేరే పొట్టి తుపాకీ. దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం 1902లో ముగిసేనాటికి వాళ్ళకు తెలిసొచ్చింది. కాల్బలానికీ రౌతుకూ ఒకటే తుపాకీ చాలునని దాన్ని 25.2 అంగుళాలకు కుదించారు. అమెరికా వాళ్ళు 1903లో తమ స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలుకు ఏకంగా 24 ఖాయం చేశారు. అప్పుడు కూడా పెద్దమనుషులు పత్రికల్లో గగ్గోలు పెట్టారు, పొట్టి గొట్టంతో గురి కుదరదని. ఐదంగుళాల ఇనుము తగ్గితే సామ్రాజ్యం కూలిపోతుందన్నట్టు రాశారు. సామ్రాజ్యం కూలింది గాని, దానికి కారణాలు వేరు.

షికారు తుపాకుల వాళ్ళకూ ఇదే పోరు. లండనులో రాబర్ట్ చర్చిల్ అనే తుపాకుల వ్యాపారి 1920లలో 25 అంగుళాల గొట్టాల జంటతుపాకీ తయారుచేసి, ముప్ఫై అంగుళాల పాతకాపులందరి చేతా తిట్లు తిన్నాడు. తిట్లతో పాటు అమ్మకాలూ బాగా అయ్యాయనుకోండి.

మన దేశంలో మాత్రం గొట్టం పొడవు కన్నా గొట్టం రంధ్రం మీదే దొరతనం వారికి ధ్యాస. సిపాయిల తూటా షికారు తుపాకీలో పడితే ఏమౌతుందో 1857 తర్వాత వాళ్ళు మరిచిపోలేదు. అందుకే 303 తూటాను మామూలు జనానికి అందనివ్వలేదు. ఆ లోటు తీర్చడానికి వచ్చిందే 315. ఈశాపురం కార్ఖానాలో అది తయారై మన షికారీల భుజాల మీద ఊరూరా తిరిగింది. 450 తూటాకూ ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశకంలో అదే గతి పట్టింది. దాని మీద నిషేధం రాగానే లండను వ్యాపారులు కళ్ళు మూసి తెరిచేలోపల 470, 465 అంటూ కొత్త కొలతలు పుట్టించారు. వ్యాపారి తెలివి ఏ దేశంలోనైనా ఒకటే.

మా మామయ్య మౌజరు వీటిల్లో ఏదీ కాదు. దానిది అమెరికా తూటా, థర్టీ నాట్ సిక్స్. పేరులో ఆ సిక్స్ అంటే 1906వ సంవత్సరమని మా హవల్దారు గారు చెప్పేదాకా నాకు తెలియదు.

హవల్దారు గారంటే మా నాన్నగారి స్నేహితుడు. జనగామ మనిషి. బర్మాలో యుద్ధం చేసి వచ్చాడు. మామయ్య కబురు పంపితే నన్ను వెంటబెట్టుకుని వచ్చి, అరుగు మీద కూచుని, చాయ్ తాగి, చెప్పుల మట్టి దులుపుకుని, తీర్పు చెప్పాడు.

“పటేల్ సాబ్, ఇరవయ్యారుకు అంగుళం తక్కువ తీస్కోవద్దు. మా జనగామ దిక్కు చూడుండ్రి, అంతా బోడగుట్టలు, చెల్కలు. జింక రెండొందల గజాల్నుంచే మనల్ని చూస్తది. కంటికి మక్ఖీ ఎంత దూరంల ఉంటే గురి గంత సాఫ్ వస్తది.”

ఆయన మాటలో శాస్త్రం ఉంది. మక్ఖీ అంటే మూతి మీది గుర్తు. దూరదర్శిని బిగించని రైఫిలుకు వెనక గుర్తుకూ ముందు గుర్తుకూ మధ్య ఎడం పెరిగినకొద్దీ గురిలో పొరపాటు తగ్గుతుంది. ఇంకొకటి కూడా చెప్పాడు. యుద్ధం చివరిరోజుల్లో అడవి కోసమని పొట్టి ఎన్‌ఫీల్డు ఒకటి వచ్చింది, 1944లో. గొట్టం 18.8 అంగుళాలే. తేలికని అందరూ ఎగబడ్డారు. తీరా పేలిస్తే భుజం మీద గాడిద తన్నినట్టు. మందు పూర్తిగా గొట్టంలోనే కాలక మూతి దగ్గర భగ్గున మంట. ఆ మంట ఆపడానికి మూతికొక గరాటా తొడిగారు. “రాత్రి పేల్చినమంటే మన కండ్లే చీకట్లు కమ్ముతయి. శత్రువుకు మనమెక్కడున్నమో దీపం పెట్టి చూపినట్టె” అన్నాడు.

రెండో పక్షం మామయ్య తోడల్లుడు. భూపాలపల్లి వైపు కలప కంట్రాక్టు ఆయనది. ఇవాళ భూపాలపల్లి అంటే బొగ్గు గనులు, కరెంటు కార్ఖానా, సొంత జిల్లా. ఆ రోజుల్లో అటు మహదేవపురం దాకా, గోదావరి ఒడ్డు దాకా టేకూ వెదురూ అడవే. ఆయన నవ్వి, “బావా, మా అడవిల రెండొందల గజాలు ఆకాశం దిక్కు చూస్తే తప్ప కనవడయి. ముప్ఫై గజాల్ల అయిపోవాలె. ఇరవై రెండు చాలు. జీపుల పెట్టుకుంటే తలుపుకు కొట్టుకోదు” అన్నాడు.

ఇద్దరూ నిజమే చెప్పారని నాకిప్పుడు తెలుసు. జనగామ నేలకు జనగామ కొలత, వెదురు పొదకు వెదురు పొద కొలత. మధ్యలో మానుకోట అడవి, కొంత తెరపి, కొంత చీకటి. లెక్క ప్రకారం ఆ తూటాకు గొట్టం ఒక అంగుళం తగ్గితే సెకనుకు ఇరవై, పాతిక అడుగుల వేగం తగ్గుతుంది. నాలుగు అంగుళాలకు నూరు అడుగులు. 2700 అడుగుల వేగంలో నూరు అడుగులంటే జొన్నరొట్టెలో అంచు విరిగినట్టు. నూరు గజాల లోపల ఏ పందికీ ఆ తేడా తెలియదు. బరువూ అంతే, పది తులాలకు అటూ ఇటూ. కాని ఆ పది తులాలూ చివరి కొసన ఉంటాయి. కావడి బద్ద మోసిన వాణ్ణడిగితే కొసన పది తులాలంటే ఏమిటో చెబుతాడు.

మూడో మనిషిని ఎవరూ అడగలేదు. ఆయన కోయ పెద్దాయన, మామయ్యకు అడవిలో దారి చూపేవాడు. పేరు చెప్పను. అరుగు కింద గొంతుక్కూచుని అంతా విన్నాడు. లేచి, దొడ్లో పడి ఉన్న ఒక వాసం తీసుకుని, దాన్ని అంచనాగా నరికి తెచ్చాడు.

“పటేలా, గిది నీ తుపాకంత ఉంటది. దీన్ని చేతుల పట్టుకొని రేపొద్దుగాల నాతోని బొంగుల్లకు రా. నేను పంది అని ఒర్రంగనె ఎనక్కి తిరుగు. ఏడ తగుల్తదో ఆడికి కోసుడే. మల్ల గంతనే రాయించు.”

లండనులో కూడా ఇంతకన్నా మంచి పద్ధతి ఉండి ఉండదు. అక్కడ కొనేవాడి చెయ్యి, మెడ, భుజం కొలుస్తారు. ఇక్కడీయన అడవిని కొలవమన్నాడు. మామయ్య నవ్వాడు. హవల్దారు నవ్వాడు. పదిహేనేళ్ళ నేను కూడా నవ్వాను. ఆ వాసం తర్వాత కొన్నాళ్ళు అత్తమ్మ బట్టలారేసుకునే దండేనికి ఊతమైంది.

మామయ్య చివరికి ఇరవయ్యారు రాయమన్నాడు. కారణం గురీ కాదు, వేగమూ కాదు. నెక్కొండ. అంటే ఏమిటో చెప్పాలి. వరంగల్ నుంచి మహబూబాబాద్ వచ్చే రైలు దారిలో నెక్కొండ స్టేషనుంది. 1902లో వైస్రాయి కర్జను నిజాం అతిథిగా వచ్చి అక్కడే షికారు క్యాంపు వేశాడు. చచ్చిన పులి ముందు కర్జను, ఆయన భార్య నిలబడగా నిజాం వారి ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ తీసిన ఫోటో లోకప్రసిద్ధం. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా. ముప్ఫై పైచిలుకు పులుల్ని కొట్టాడని ఆయన్ని తీస్‌మార్‌ఖాన్ అనేవారు. మానుకోట మహబూబాబాద్ అయింది ఆయన పేరు మీదే. ఆ ఫోటో అచ్చులో చూసినప్పటి నుంచీ మామయ్యకు పొడుగు తుపాకీ అంటే రాచఠీవి. “గోడకు తగిలిస్తే గోడంత ఉండాలెరా” అన్నాడు నాతో. నేను ఇంగ్లీషులో “ట్వంటీ సిక్స్ ఇంచెస్” అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ గీతలు ఎందుకు గీశానో నాకు తెలియదు. అప్పుడే స్కూల్లో నేర్పారు.

మూడు నెలలకు రైఫిలు వచ్చింది. మామయ్య అత్తమ్మ కుట్టుమిషను టేపు తెప్పించి బయటినుంచి కొలిచాడు. ఇరవయ్యారుకు తక్కువే వచ్చింది. ఇంకేముంది, దుకాణం వాడు మోసం చేశాడని ఇంటి కప్పు లేచిపోయేటట్టు అరిచాడు. నాచేత ఘాటైన ఉత్తరం రాయించాడు. అదృష్టవశాత్తు ఆ ఉత్తరం టపాలో పడకముందే హవల్దారు వచ్చాడు. గొట్టం కొలిచే పద్ధతి అది కాదట. బోల్టు మూసి, తుడిచే ఇత్తడి రాడ్డు మూతిలోంచి లోపలికి వదిలి, అది బోల్టు ముఖానికి తగిలి ఆగిన చోట మూతి దగ్గర రాడ్డు మీద గీత పెట్టి, బయటికి తీసి కొలవాలి. గొట్టం మొదలు కొంత యంత్రంలో దిగి ఉంటుంది కదా, అది పైకి కనపడదు. అలా కొలిస్తే సరిగ్గా ఇరవయ్యారు. రాడ్డు మీద హవల్దారు కత్తిమొనతో గీసిన గాటు అట్లాగే ఉండిపోయింది.

ఐదేళ్ళు ఆ రైఫిలు బాగానే పనిచేసింది. పంటల మీద పడ్డ పందుల్ని కొట్టాడు. పర్మిటు తీసుకుని ఒక కణుజును కొట్టాడు. జనగామ వైపు వచ్చినప్పుడు హవల్దారు ముందర జింక మీద ఒకటి పేల్చి, తప్పి, ఎండ కళ్ళలో పడిందన్నాడు. ఎండ ఆయన వీపు వైపు ఉందని నేను అనలేదు.

1963 చలికాలంలో తోడల్లుడు రమ్మంటే భూపాలపల్లి వైపు వెళ్ళాడు. కోయ పెద్దాయన వెంట వెళ్ళాడు. నేను వరంగల్‌లో కాలేజీలో ఉన్నాను కనక కళ్ళతో చూడలేదు. ఇద్దరి నోటా విడివిడిగా విన్నాను, రెండు కథలూ ఒక్కటే. అందుకే నమ్ముతున్నాను. మునిమాపున చేను అంచున పందికి గుండు తగిలింది గాని పడలేదు. గాయపడ్డ జంతువును అట్లా వదిలెయ్యకూడదన్నది షికారీల నీతి. తెల్లారి నెత్తురు జాడ పట్టుకుని వెదురు పొదల్లోకి పోయారు. ముందు పెద్దాయన, వెనక మామయ్య. పంది ఎదురుగా లేదు. పక్కనుంచి వచ్చింది. పెద్దాయన “పటేలా” అని అరిచాడు. మామయ్య తిరిగాడు. గొట్టం తిరగలేదు. మూతి వెళ్ళి రెండు వెదుళ్ళ మధ్య కంకలో చిక్కుకుంది. గుంజి విడిపించుకునే లోపల పంది పెద్దాయన తొడ చీల్చింది. రెండో క్షణంలో మామయ్య దాన్ని కొట్టాడు, నాలుగడుగుల దూరం నుంచి. ఆ దూరంలో గొట్టం మూరెడున్నా ఒకటే, బారెడున్నా ఒకటే.

కలప లారీలో వరంగల్ పెద్దాసుపత్రికి తెచ్చారు. కాలేజీ ఎగ్గొట్టి నేను రాత్రులు కాపలా ఉన్నాను. పదకొండో రోజుకి ప్రాణభయం లేదన్నారు. కాలు మాత్రం మునుపటిలా కాలేదు. ఆయన మరి అడవిలో ముందు నడవలేదు.

మామయ్య తిరిగొచ్చాక రైఫిలు ఒడిలో పెట్టుకుని కూచున్నాడు. మూతి దగ్గర నల్లరంగు మీద వెదురు గీసిన తెల్లని గీతలు. నన్ను పిలిచి టేపు తెమ్మన్నాడు. మూతి నుంచి గీతల కొస దాకా కొలిచాడు. మూడంగుళాలు. ఏమీ అనలేదు. మళ్ళీ కొలిచాడు. ఇరవై రెండు రాయించి ఉంటే ఒక అంగుళం మిగిలేది. నేను మాత్రం, ఆయన నిలబడే చోటు మారేది, చేయి మారేది, అట్లా లెక్క వెయ్యలేమని అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఆయన వినలేదు.

“కోపిస్త” అన్నాడు.

కోయించడం కుదరలేదు. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఆరో సెక్షను దీని గురించే. ప్రత్యేకం లైసెన్సు లేనిదే ఏ తుపాకీ గొట్టమూ పొట్టి చెయ్యరాదు. ఎందుకో మా ప్రాంతం వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. పొడుగు తుపాకీ భుజాన కనపడుతుంది, పొట్టిది గొంగడి కింద దాగుతుంది. 1958లో ఉత్తరంలో ఒక్క అంకె మార్చి రాస్తే సరిపోయేది. ఇప్పుడు కాగితం పెట్టాలి. నేనే రాశాను దరఖాస్తు. కొన్నాళ్ళకు అది తిరిగొచ్చింది, గొట్టం తగ్గించుటకు కారణము వివరముగా తెలుపవలెను అని. న్యాయమైన ప్రశ్నే. మామయ్య ఆ కాగితం పట్టుకుని రెండు రోజులు తిరిగాడు. నన్ను కలం పట్టుకుని కూచోమన్నాడు. “రాయి” అన్నాడు. ఏం రాయమంటావు మామా అన్నాను. మొదలుపెట్టి మూడుసార్లు ఆపేశాడు. చివరికి కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టాడు. అది అక్కణ్ణుంచి మళ్ళీ కదల్లేదు.

పెద్దాయనకు ఒక జత కోడెలు తోలించాడు, రెండెకరాలు రాసిచ్చాడు. ఆయన కోడెల్ని ఉంచుకుని పొలం వద్దన్నాడు. కుంటికాలుతో అంత దూరం ఎవడు పోతాడన్నాడు. తర్వాతెప్పుడో నేను ఆయన గుడిసెకు వెళ్ళినప్పుడు అడిగాను, గొట్టం పొట్టిదైతే నీ కాలు బాగుండేదా అని. చుట్ట వెలిగించుకుని చాలాసేపు ఆలోచించాడు.

“ఏమో బిడ్డా. గొట్టం సంగతి నాకేమెరుక. నా ఎనక ఇంకో రెండడుగులు దూరంల నడువుమన్న. ఇనలె. ఆల్లకు ఇనుడు అలవాటు లేదు గద.”

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. షికారు కథలు అక్కడితో ఆగిపోయాయి. మామయ్యకు మాత్రం అప్పటికి తొమ్మిదేళ్ళ ముందే ఆగిపోయాయి. లైసెన్సు మార్పించుకుంటూ వచ్చాడు గాని, రైఫిలు మళ్ళీ అడవి ముఖం చూడలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పజెప్పడం, ఎన్నికలయ్యాక తెచ్చుకోవడం, అంతే దాని ప్రయాణం. పొడుగ్గా ఉండటం వల్ల బస్సులో పెట్టుకోవడానికి ఇబ్బంది పడేవాడు. కండక్టర్లు రెండో టిక్కెట్టు తీసుకోమని పరాచికాలాడేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

ఆయన పోయాక రైఫిలు ఎవరికీ అక్కర్లేకపోయింది. అత్తమ్మ ఇంట్లో ఉంచనన్నది. మా బావమరిదీ నేనూ కలిసి తీసుకెళ్ళి సర్కారుకు అప్పజెప్పాం. అక్కడి గుమాస్తా నంబరు రాసుకున్నాడు, తూటా కొలత రాసుకున్నాడు, దస్కత్తు పెట్టించుకున్నాడు. గొట్టం ఎంత పొడవని అడుగుతాడేమోనని నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అడగలేదు.

ఇత్తడి రాడ్డు ఒక్కటే పొరపాటున ఇంట్లో మిగిలిపోయింది. తుపాకీ సంచీలో పెట్టడం మరిచిపోయాం. నాకు ఎనభై దాటాయి, అత్తమ్మా లేదు. ఆ రాడ్డు ఎట్లా వచ్చిందో మా ఇంటికి వచ్చింది. మా ఆవిడకు అది ఏమిటో తెలియదు గనక మేకులు కొట్టి దాని మీద పూజగది పరదా వేసింది. పరదా పక్కకు జరిపినప్పుడల్లా రింగులు హవల్దారు పెట్టిన గాటు దగ్గర కొంచెం ఆగి, టక్కుమని దాటుతాయి. నూనె రాయమంటుంది. రాస్తూనే ఉన్నాను.